బల్ల కింద మనిషి

నురెంబర్గ్ బొమ్మల కంపెనీ ఆయన వచ్చిన రోజు
వూచ్‌లో మంచుకి ట్రాములు ఆగిపోయాయి.
తడిసిన బూట్లతో, చంకలో తోలుసంచీతో
నాలుగంతస్తులు ఎక్కి వచ్చాడు హార్ట్‌విగ్ లోమాన్.
నేను దుబాసీని. గంటకింతని కూలి.
ఇటు జర్మన్, అటు పోలిష్,
మధ్యలో నా నాలుక తలుపు గడియలా
పడుతూ, లేస్తూ.

ఆయనకు కావలసింది దిక్సూచి.
ఆ సినిమాలో, ఓడ మునిగాక,
మూత తెరిచి ఆమె చెవి దగ్గర పెట్టుకుంటుందే, అది.
"నలభై వేలు చేస్తాం," అన్నాడు,
"అంకె వేసి, పెట్టెలో పెట్టి, మీ సంతకంతో."
బోగుమిల్ ఫ్లాస్కు మూత తిప్పి, అందులోనే టీ పోసి
ఆయన ముందుకు జరిపాడు.
"ముందు తాగమను. వేళ్లు నీలంగా ఉన్నాయి."

తరవాత అడిగాడు: "ఏ దిక్సూచి?"
పొల్లుపోకుండా అదే అడిగాను.
మూడు రకాలట.
దగ్గరి షాట్లకు ఇత్తడిది. దాని బరువుకి
ఆమె మణికట్టు వాలిపోయేది.
పరిగెత్తే షాట్లకు బెండుచెక్కది, పైన ఇత్తడి రంగు.
నీళ్లలో విసరడానికి రబ్బరువి ఆరు చేస్తే
ఐదింటిని ఏరు పట్టుకుపోయింది.
మిగిలిన ఒక్కటీ ఇదిగో, ఈ తలుపు కింద అడ్డు.
తెరమీద మీరు చూసింది వీటిలో ఏదీ కాదు,
అన్నీ కలిపి మీ కన్ను చేసుకున్న ఇంకొకటి.
దానికి అచ్చు ఎక్కడ పోయను?

లోమాన్ తలుపు కిందకి చూసి, పెన్సిలు కొరికి,
"మరి ఇత్తడిది?"

విప్పేశాను.
డొక్క, మూతబడ్డ నూలుమిల్లులో కండె తొడుగు.
అది మా చెల్లెలి కుట్టుమిషనుకి పనికొచ్చింది.
అద్దం పళ్లడాక్టరుది, తిరిగిచ్చేశాను.
ఆ రోజుల్లో ఇత్తడి దొరికితే
గుర్తుగా దాచుకునే వాళ్లం కాదు అయ్యా,
కుళాయికి బిగించుకునే వాళ్లం.

ఇక హక్కులు:
స్టూడియో ఒక బ్యాంకుకి, ఆ బ్యాంకు ఇంకో బ్యాంకుకి.
బొమ్మ గీసినాయన లిస్బన్‌లో పోయాడు.
ఆయన ఇద్దరు భార్యలూ ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి.
ఇక్కడ బోగుమిల్ నవ్వాడు.
ఆ నవ్వుకి దుబాసీ అక్కర్లేకపోయింది.

లోమాన్ మాత్రం వదల్లేదు. మంచి మనిషే.
పన్నెండేళ్లప్పుడు చూశాడట,
నాన్న పోయిన వారం.
అది చెబుతూ గొంతు దించాడు.
నేను పోలిష్‌లోనూ దించాను.
"కనీసం ఆ ముల్లు. ఎలా తిరిగేది?
బల్ల మీద పెట్టి ఆమె అబద్ధం చెప్పిన ప్రతిసారీ
ఉత్తరం వదిలి ఆమె వైపు తిరిగేది కదా.
మా ఇంజనీర్లు చిన్న మోటారు పెడతామంటున్నారు."

బోగుమిల్ లేచాడు.
డెబ్బై తొమ్మిదేళ్ల మోకాళ్లు పటపటమంటుంటే
బల్ల కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు.
పాత లౌడ్‌స్పీకరు అయస్కాంతం చెక్కకి ఆనించాడు.
పైన, లోమాన్ సంచీ తాళంచెవి
వణికి, పక్కకి తిరిగింది.

"పదకొండు రోజులు ఇలాగే," కిందనుంచి గొంతు.
"ముఖం కనిపించేది కాదు. బూట్లే.
ఎడమ మడమ లేచిందంటే
అబద్ధం వస్తోందన్నమాట.
ఒక్కోసారి ఆమెకంటే ముందే తిప్పేశాను.
ఆ షాట్లే ఉంచారు.
చెప్పు ఆయనకి, నలభై వేల పెట్టెలూ సరే,
పెట్టె పెట్టెకీ కింద ఒకణ్ణి పడుకోబెట్టాలి."

చెప్పాను.
లోమాన్ చాలాసేపు నీళ్లు నమిలి,
చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి
మూత తిరిగిచ్చాడు.
బోగుమిల్ దాన్ని ఫ్లాస్కుకి బిగిస్తుంటే చూశాను:
అంచు చుట్టూ సన్నటి గాట్లు, ముప్పై రెండు,
ఒక గాటులో ఇంకా పసుపురంగు.
"మూత మొదట్నుంచీ నాదే," అన్నాడు మెల్లగా.
"షూటింగ్ అయిపోయాక టీకి కావాలి కదా."

"ఏమంటున్నాడు?" లోమాన్ అడిగాడు.

ట్రాములు మళ్లీ నడుస్తున్నాయంటున్నాడు, అన్నాను.

బోగుమిల్ నా బూట్ల వైపు చూస్తున్నాడు.